నూటికి మూడు మొలకలు

రోజు 3,102

ఈ పుస్తకంలో ఇప్పటికి ఇరవయ్యారు కాపుల లెక్క ఉంది. ఇరవయ్యారూ డబ్బా బీర్లే. భూమి నుంచి వచ్చిన మొలకగింజల పాకం డబ్బా మూత తీయడం, వేడినీళ్లలో కలపడం, చల్లారాక ఈస్ట్ వేయడం, పది రోజులు ఆగడం. దీన్ని బీరు కాయడం అంటే, పొట్లం చించి చారుపొడి నీళ్లలో కలిపినవాణ్ణి వంటవాడనాలి.

ఇవాళ ఆఖరి డబ్బా తెచ్చుకున్నాను. ఇక రావు. వచ్చే నెలతో మనం ఎవరి మీదా ఆధారపడని ఊరు అవుతున్నామట. మర్చిపోతామేమోనని ఈ సంగతి మైకులో రోజుకు మూడుసార్లు చెబుతున్నారు. పెద్ద గుమ్మటం కింద తొమ్మిదేళ్లుగా కడిగి కడిగి విషపు ఉప్పు వదిలించిన ఎర్రమట్టిలో జొన్న విత్తుతారు. అంగారకుడి మీద మొదటి పంట. ఆ తర్వాత భూమి నుంచి పిండి ఓడ రాదు. పిండి ఓడే రాకపోతే, అందులో ఓ మూల నక్కి వచ్చే పాకం డబ్బా అసలే రాదు.

కాబట్టి ఇకపై గింజ నుంచే కాయాలి. గింజను మొలకెత్తించాలి, మొలక ఆరబెట్టాలి, రవ్వగా మర పట్టాలి, వేడినీళ్లలో నానబెట్టి తీపి దింపాలి, వడకట్టి మరిగించాలి. మా తాతల కాలంలో అందరూ చేసిన పనే. మధ్యలో డబ్బా వచ్చి మనల్ని నాగరికుల్ని చేసింది.

నా ఉద్యోగం నీళ్ల ప్లాంటులో. ఈ ఊళ్లో పదకొండు వందల మంది ఒంట్లోంచి పోయే ప్రతి చుక్కనూ పట్టి, శుభ్రం చేసి, మళ్లీ వాళ్ల గ్లాసుల్లోకి పంపిస్తాను. అందుకే నా బీరు తాగడానికి ఎవరూ వెనకాడరు. అంతకంటే ఘోరమైనవి నా చేతి మీదుగా ఎప్పుడో తాగేశారు.

రోజు 3,105

గింజ బీరుకు కావలసిన సామాను గురించి ఒక పుస్తకం చదివాను. నలభై లీటర్ల స్టీలు పాత్రలు మూడు, పంపు, వేడి జారిపోని తొట్టి, గింజలకు ప్రత్యేకమైన మర. ఆ రాసినాయన మూడు కిలోల మూటతో గ్రహం మారిన మనిషి కాదని రెండో పేజీలోనే తెలిసిపోయింది.

నా సామాను ఇది. ప్లాంటులో పనికిరాదని పక్కన పడేసిన ఫిల్టర్ డ్రమ్ము. దాని అడుగున సన్నటి జల్లెడ ఉంది కాబట్టి పొట్టు పైన నిలుస్తుంది, తీపినీళ్లు కిందికి దిగుతాయి. మోకాలి దగ్గర చిరిగిన స్పేస్ సూటు. దాని లోపలి మెత్తను కోసి డ్రమ్ముకు చుట్టాను. బయట గడ్డకట్టే చలిలో మనిషిని బతికించిన మెత్త, అరవై అయిదు డిగ్రీల జావను ఒక గంట వెచ్చగా ఉంచలేకపోతుందా? మర కోసం క్యాంటీన్ నుంచి మిరియాల మర అడిగి తెచ్చాను. ఈ సొరంగాల్లో నింపిన గాలి పలుచన కాబట్టి నీళ్లు తొంభై డిగ్రీలకే మరుగుతాయి. దాని గురించి పుస్తకాయన ఏమీ రాయలేదు.

దీనంతటికీ ఖర్చు సున్నా. కాకపోతే పనికిరానివాటిని తీసుకుపోవడానికి మూడు ఫారాలు నింపాలి. అవి నిజంగానే పనికిరావని ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి.

ఒక సాక్షి ఈదమ్మవ్వ. నా గదిలో కింది మంచం ఆమెది. డెబ్బై ఒక్కేళ్లు, క్యాంటీన్‌లో వంట. ఈ సొరంగాలు తవ్వడానికి మొదటి ఓడలో వచ్చిన పాలమూరు కూలీలకు వండిపెట్టడానికి వచ్చింది. భూమ్మీద ఎక్కడ ఆనకట్ట కట్టినా మావాళ్లే వెళ్లేవారట. ఆకాశంలో ఊరు కట్టాలన్నప్పుడు కూడా ఎవరికీ వేరే పేరు తట్టలేదు. తవ్విన సొరంగాల్లోనే, పది అడుగుల రాయి కింద, మాకు గదులిచ్చారు. ఆఫీసులకు మాత్రం పైన అద్దాల భవనాలు కట్టారు, వచ్చేపోయేవాళ్లకు కనబడాలి కదా.

డ్రమ్ము చూసి అవ్వ అడిగింది. “ఇది దేనికే?”

“బీరుకు అవ్వా. గింజతోని చేస్త.”

“గింజ యాడిది?”

పుస్తకం మొత్తం చదివిన నాకు ఆ ప్రశ్న అప్పటిదాకా తట్టలేదు.

రోజు 3,109

ఈ ఊళ్లో అందరం జొన్నరొట్టె తింటాం కానీ జొన్నగింజ ఎవరి ఇంట్లోనూ ఉండదు. భూమి నుంచి పిండే వస్తుంది. పిండి మొలకెత్తదు. గింజ ఉన్నది ఒక్కచోటే, విత్తనాల గిడ్డంగిలో.

గిడ్డంగి పైన ఉంటుంది. ఊరికంతటికీ అందమైన భవనం అదే. అద్దాల గోడల వెనుక వరుసగా తెల్లటి పెట్టెలు, తొమ్మిదేళ్ల కింద మొదటి ఓడలో వచ్చినవి. గుమ్మం పక్కన బోర్డు: “మొలక శాతం 97”. నేను వచ్చినప్పటి నుంచీ అది 97 దగ్గరే ఉంది. మనుషులకు బీపీ కూడా అంత నిలకడగా ఉండదు.

గిడ్డంగి తాళాలు బీచుపల్లి దగ్గర ఉంటాయి. నలభై అయిదేళ్ల మనిషి, నా డబ్బా బీరుకు పాత ఖాతాదారు. అడగ్గానే ఉలిక్కిపడ్డాడు.

“మణెక్కా, విత్తనం ముట్టుకుంటే నా నౌకరీ పోతది.”

“విత్తనం వద్దు. పారేసేది ఇయ్యి.”

పారేసేది ఉంది. పెట్టె మూత పగిలిందనో, లేబుల్ చిరిగిందనో పక్కన పెట్టిన జొన్నలు. వాటిని ఏడాదికోసారి ఎరువు గుంతలో వేస్తారు. రెండు కిలోలు సంచీలో పోసి ఇచ్చాడు. బదులుగా నాలుగు లీటర్ల బీరు, తయారయ్యాక. తయారవుతుందన్న నమ్మకం అతనికి నాకంటే ఎక్కువుంది.

రోజు 3,114

ఒక కిలో జొన్నలు ఒక రోజు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, నీళ్ల హీటరు పక్కన పెట్టాను. ఇవాళ్టికి నాలుగు రోజులు. మొలకలు లేవు. వాసన ఉంది. పక్కగదివాళ్లు వచ్చి ప్లాంటులో ఏదైనా పైపు పగిలిందా అని మర్యాదగా అడిగి వెళ్లారు.

అవ్వ గుడ్డ విప్పి ముక్కు మూసుకుంది. “సల్లనీళ్లల్ల నానేసినవా?”

“ఆ.”

“గోరెచ్చటి నీళ్లు పొయ్యాలె. పూటకోపాలి కడగాలె. నీకేం తెల్వదు.”

నిజమే అనుకున్నాను. పదకొండు వందల మందికి మంచినీళ్లు పోసే మనిషికి గుప్పెడు గింజలకు నీళ్లు పోయడం రాలేదన్నమాట.

రోజు 3,119

గోరువెచ్చటి నీళ్లు. పూటకోసారి కడగడం. గాలి తగలనివ్వడం. రెండో కిలో కూడా కుళ్లింది.

బీచుపల్లి దగ్గరకెళ్లి నీ పారేసే గింజ నిజంగానే పారేయదగ్గదని చెప్పాను. అతను నొచ్చుకున్నాడు. లేబుల్ చిరిగిందే తప్ప లోపలిది మంచి సరుకేనని, గిడ్డంగి అంతా ఒకే కోతలోది, ఒకే ఓడలో వచ్చిందని అన్నాడు. ఆ మాట అన్నాక ఇద్దరం అద్దం వెనుక తెల్లపెట్టెల వైపు చూశాం.

“అయితే మంచి పెట్టెల్ల నుంచి ఓ వంద గింజలియ్యి,” అన్నాను. “ఊకె చూద్దాం.”

“వచ్చే నెల విత్తేటియి అక్కా అవి.”

“వందే కదా.”

అతను వేర్వేరు పెట్టెల్లోంచి తీసి, లెక్కపెట్టి ఇచ్చాడు. తొంభై తొమ్మిది. ఒకటి కింద పడిందట. దాన్ని వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఇక్కడ పడిన గింజ కూడా తాపీగా పడుతుంది, ఎక్కడికి దొర్లిందో తెలియదు. దొరికింది. వంద.

రోజు 3,123

మూడు.

నాలుగు రోజుల తర్వాత, వందలో మూడు మొలిచాయి. ఆ మూడూ నీరసంగా, తెల్లగా, బయటికి వచ్చినందుకు పశ్చాత్తాపపడుతున్నట్టున్నాయి. మిగతా తొంభై ఏడూ నొక్కితే మెత్తగా విచ్చుకున్నాయి.

97 అంకె ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది, చచ్చినవాటిని లెక్కపెట్టి ఉంటారు అని బీచుపల్లితో నవ్వుతూ అన్నాను. అతను నవ్వలేదు. నాకూ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పైన పనిచేసే మనుషులకు రోజుకు ఆరు గంటలే అనుమతి. సూర్యుడి నుంచి, ఆకాశం నుంచి కంటికి కనబడని కిరణాలు పడతాయి, ఒళ్లు పాడవుతుంది. ఆరు గంటలు కాగానే అందరూ రాయి కిందికి దిగిపోతారు. గింజలు మాత్రం తొమ్మిదేళ్లుగా ఆ అద్దాల భవనంలోనే ఉన్నాయి. వాటికి దిగే డ్యూటీ ఎవరూ వేయలేదు.

రోజు 3,124

బీచుపల్లి, నేను ఫిల్టర్ గది వెనుక కూర్చుని లెక్కలు కట్టాం. 3,131న సభ. పాలనాధికారి హైమవతి గారు “ఇక పిండి అక్కర్లేదు” అన్న కాగితం మీద సంతకం పెడతారు. 3,133 సాయంత్రానికి భూమి నుంచి ఓడలు బయలుదేరే గడువు ముగుస్తుంది. గ్రహాలు దూరమైపోతాయి, మళ్లీ దగ్గరయ్యేది రెండేళ్ల తర్వాత. ఇప్పుడున్న పిండి పదకొండు నెలలకు సరిపోతుంది. పొదుపుగా తింటే పదమూడు. మధ్యలో పెద్ద గుమ్మటంలో పంట పండుతుందని అందరి ధీమా. నూటికి మూడు మొలకలతో.

“చెప్పాలె,” అన్నాను.

“ఎవరికి? ఏమని? నేను తాళం దీసి విత్తనాలు దొంగలిస్తే, అక్క బీరు కాసుకుందామని నానేసిందని చెప్దామా?”

“నీ పేరు చెప్పను.”

“తాళం ఒక్కటే ఉంటది గదక్కా. నా పేరు నువ్వు చెప్పాల్నా?”

అతనికి ఇక్కడ భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఉద్యోగం పోతే కుటుంబమంతా కిందికి, ఎరువు గుంతల వరుసకు మారాలి. నాకు పోయేదేముంది, బీరు తప్ప. ధైర్యం అప్పుడు తేలికే.

రోజు 3,126

ముందు మర్యాదగా ప్రయత్నిద్దామని విత్తనాధికారి పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను. సన్నటి మనిషి, బల్ల మీద ప్రతి కాగితం అంచూ సమానంగా ఉంటుంది. నీళ్ల ప్లాంటు తరఫున వచ్చానని, విత్తేటప్పుడు ఎన్ని నీళ్లు వదలాలో లెక్క కోసం మొలక శాతం కావాలని అడిగాను.

“తొంభై ఏడమ్మా. బోర్డు మీద ఉందిగా.”

“అది ఎప్పుడు చూసిందండి?”

“ప్రతి సంవత్సరం నివేదిక పంపుతున్నాను.”

“నివేదిక కాదండి, గింజలు. నానబెట్టి చూశారా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఒక్క గింజ కూడా వృథా చేయకూడదని నిబంధన ఉందమ్మా. పరీక్షకు వాడిన గింజ మళ్లీ విత్తనం కాదు కదా. అందుకని వచ్చినప్పటి అంకెనే కొనసాగిస్తున్నాం.”

తొమ్మిదేళ్లు. నేను డబ్బా బీరుకే ప్రతి కాపుకూ రుచి చూసి రాసుకున్నాను, ఇరవయ్యారు సార్లు.

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. ఇంకేదో ఉంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

రోజు 3,127

ఒక అనుమానం తినేస్తోంది. తప్పు గింజలదేనా, నాదా? నా నీళ్లలో ఏదైనా ఉందేమో. నా గుడ్డలో, నా చేతిలో. పదకొండు వందల మంది పిండి గురించి మాట్లాడే ముందు అది తేలాలి. అందుకు వేరే గింజ కావాలి. ఈ గ్రహం మీద వేరే గింజ లేదు.

ఈ మాట పైకే అన్నట్టున్నాను. కింది మంచం మీద నుంచి అవ్వ అంది, “నా దిండుల జొన్నలే ఉన్నయ్.”

తొమ్మిదేళ్లుగా ఆ దిండుకు నాలుగడుగుల పైన పడుకుంటున్నాను. అది కదిలినప్పుడల్లా గలగలమంటుంది. ఏవో ప్లాస్టిక్ పూసలనుకున్నాను.

“మెడనొప్పికి వచ్చే ముందు మా అమ్మ కొత్త జొన్నలతోని కుట్టిచ్చింది,” అంది అవ్వ. “వచ్చేటప్పుడు మూడు కిలోలే తెచ్చుకోవాలన్నరు. అందరు ఫోటోలు, ఊరగాయలు తెచ్చుకున్నరు. నేను దిండు తెచ్చుకున్న. తూకం ఏసేటాయన నవ్విండు.”

కుట్టు విప్పి వంద గింజలు తీశాను. మళ్లీ కుట్టబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. “బీరుకు ఎంత గావాలె?”

“ఒక కిలోన్నర ఉంటే చిన్న కాపు అయితది. వద్దులే అవ్వా. నీ మెడకు ఎట్ల?”

“డెబ్బై ఏండ్లు మోసింది, ఇంకింత మోస్తది. తీస్కపో. డబ్బా బీరు కడుపుల మంట లేపుతది నాకు.”

నేను మంచిదాన్ని కాదు. వంద గింజల ఫలితం వచ్చేదాకా ఆగాలి కదా? ఆగలేదు. కిలోన్నర తూచి గోరువెచ్చటి నీళ్లలో పోసేశాను.

రోజు 3,130

వంద గింజల్లో ఎనభై నాలుగు మొలిచాయి. గట్టి మొలకలు, గోరంత పొడుగు. అవే నీళ్లు, అదే గుడ్డ, ఇవే చేతులు. దిండు మాత్రం తొమ్మిదేళ్లూ రాయి కింద, మాతోపాటు, ముసలామె తల కింద ఉంది.

కిలోన్నర కూడా మొలిచింది. డ్రమ్ము నిండా తెల్లటి ముళ్లలా మొలకలు. గింజ బీరు పుస్తకం ప్రకారం రేపటికి సరిగ్గా పదును. రేపు వేడిగాలిలో పెట్టి ఆరబెట్టాలి. అప్పుడు మొలక చస్తుంది, తీపి మిగులుతుంది. అవ్వ చూసి, ఎండాక మొలకలన్నీ నలిపి తీసెయ్యమంది. లేత జొన్న మేసి వాళ్ల బర్రె చచ్చిపోయిందట.

చాలాసేపు డ్రమ్ము పక్కనే కూర్చున్నాను. ఈ గ్రహం మీద ప్రాణమున్న జొన్నలు ఇవే. ఇవిపోగా దిండులో మిగిలినవి. మొత్తం దిండులో సగానికి పైగా నేను ఇప్పటికే బీరు కోసం నానబెట్టేశాను. ఇంత తెలివిగల పని ఊళ్లో పరాంకుశం గారు ఒక్కరే చేశారనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆరబెట్టలేదు.

రోజు 3,131

సభ పెద్ద గుమ్మటంలోనే పెట్టారు, ఎర్రమట్టి పక్కన. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లందరికీ సెలవు. బల్ల, తెల్లగుడ్డ, కాగితం, పెన్ను. హైమవతి గారు పెన్ను తీసుకునే సమయానికి నేను రెండు తడిగుడ్డలతో ముందుకెళ్లి బల్ల మీద పరిచాను.

“ఏంటిది మణెమ్మా?”

“ఇది మీ విత్తనం మేడం. వందకు మూడు. ఇది ఈదమ్మవ్వ దిండు. వందకు ఎనభై నాలుగు.”

నేను బీరు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. బీరు అన్నప్పుడు వెనుక నుంచి నవ్వారు. మూడు అన్నప్పుడు నవ్వు ఆగిపోయింది. హైమవతి గారు అన్నీ విని అడిగిన మొదటి ప్రశ్న, గింజలు ఎలా వచ్చాయని.

“నేనే దొంగలిచ్చిన.”

“గిడ్డంగికి తాళం ఉంటుంది కదా.”

నేను నోరు తెరిచేలోపు వెనుక కుర్చీ కదిలిన చప్పుడైంది. బీచుపల్లి లేచి నిలబడ్డాడు. పక్కన భార్య అతని చొక్కా పట్టుకుని ఉంది, అయినా నిలబడ్డాడు.

“తాళం నాకాడ ఉంటది మేడం. నేనే తీసిచ్చిన. అక్క చెప్పేది నిజం, నేనే లెక్కవెట్టి ఇచ్చిన.”

హైమవతి గారు పెన్ను కింద పెట్టారు. ఆవిడ కష్టం నాకు అర్థమైంది. మళ్లీ పరీక్ష చేయాలంటే నాలుగు రోజులు. ఓడ గడువు రెండు రోజుల్లో పోతుంది. పిండి అడగాలంటే, తొమ్మిదేళ్ల పథకం తప్పిందని భూమికి ఇవాళో రేపో ఒప్పుకోవాలి, అదీ ఇద్దరు గింజల దొంగల మాట మీద. ఒకవేళ మేం చెప్పింది తప్పైతే ఆవిడ పదవి అక్కడితో సరి.

ఆవిడ పరాంకుశం గారి వైపు తిరిగారు. “బోర్డు మీద తొంభై ఏడని ఉంది. అది మీ లెక్కేనా?”

ఔనంటే చాలు. నివేదికలు తొమ్మిది ఉన్నాయి, ముద్రలున్నాయి. మా దగ్గర రెండు తడిగుడ్డలు. గడువు దాటిపోయేదాకా ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేరు. నేనైతే ఆయన ఔననే అంటారని అప్పటికే గుండె రాయి చేసుకున్నాను.

ఆయన లేచి, కాగితాల అంచు సరిచేశారు.

“కాదండి,” అన్నారు. “నేనెప్పుడూ పరీక్షించలేదు. ఒక్కసారి కూడా. ఆ అంకె భూమి నుంచి పెట్టెతోపాటు వచ్చింది. ప్రతి ఏడూ దాన్నే రాశాను.” కాస్త ఆగి, “ఈ అమ్మాయి మొన్న వచ్చి అడిగాక నేనూ యాభై గింజలు నానబెట్టానండి, గదిలో, పళ్లు తోముకునే గ్లాసులో. ఇంకా ఏమీ రాలేదు. వస్తాయేమోనని చూస్తున్నాను,” అన్నారు.

నాకు నలభై ఏడేళ్లు. నన్ను అమ్మాయి అన్నది ఈ గ్రహం మీద ఆయనొక్కరే. 

హైమవతి గారు ఆ కాగితం నిలువునా చింపి, ఒక సగం వెనక్కి తిప్పి, ఆ వెనుకవైపే పిండి కోసం అర్జీ రాయడం మొదలుపెట్టారు. ఇక్కడ కాగితం కూడా వృథా చేయకూడదు.

రోజు 3,133

ఓడ వస్తుంది. తొమ్మిది నెలలు పడుతుంది. అందులో పట్టే పిండి రెండేళ్లకు చాలదు కాబట్టి, ఇప్పటి నుంచే రోజుకు మూడు రొట్టెలకు బదులు రెండు.

శిక్షలు కూడా వచ్చాయి. బీచుపల్లికి తాళాలు పోయాయి, ఎరువు గుంతల దగ్గర పని. ఇల్లు మాత్రం మార్చలేదు. పరాంకుశం గారికి పదవి పోయింది. నాకు ఏడాదిపాటు బీరు కాయడం నిషేధం. ఆఖరి డబ్బా కూడా తీసుకుపోయారు.

క్యాంటీన్ వరుసలో ఒకాయన నన్ను చూసి, “నీ వల్లనే గదా రొట్టె పాయె,” అన్నాడు. నిజమే, చచ్చిన గింజలను నేనే చంపానేమో. అవ్వ గరిటె పట్టుకుని వరుస అవతల నుంచి అంది, “ఆమె చెప్పకుంటె వచ్చే ఏడు ఒక్క రొట్టె కూడ దొరకకపోయేది. పళ్లెం పట్టు.” పట్టాడు.

రోజు 3,134

మొలకెత్తిన కిలోన్నర ఇంకో రోజు ఆగేలా లేదు. హైమవతి గారు పెద్ద గుమ్మటంలో ఒక మూల రాసిచ్చారు. యంత్రంతో విత్తితే మొలక విరిగిపోతుంది, చేత్తోనే వేయాలి. యంత్రాల కోసం తొమ్మిదేళ్లు శిక్షణ పొందిన పన్నెండు మంది గట్టు మీద నిలబడి చూశారు.

అవ్వ, బీచుపల్లి, నేను వంగాం. అవ్వ మట్టి తీసి వాసన చూసి, “సబ్బు వాసన వస్తున్నది,” అని పెదవి విరిచింది. తర్వాత చీర కుచ్చిళ్లు దోపుకుని సాలు పట్టింది. మూడు వేళ్ల మధ్య నుంచి మొలకలు ఎలా జార్చాలో, పాదంతో మట్టి ఎలా కప్పాలో చేసి చూపింది. మధ్యాహ్నానికి గట్టు మీది పన్నెండు మందీ ఒక్కొక్కరే బూట్లు విప్పారు. బీచుపల్లి ఆడపిల్లలు వచ్చారు. వాళ్లెన్నడూ మట్టి తొక్కలేదు, కాసేపు అరికాళ్లు చూసుకుంటూ నిలబడ్డారు.

రాత్రిదాకా పట్టింది. నా బీరును గింజ గింజగా పాతిపెట్టాను. ఇంత మర్యాదగా ఏ కాపుకూ వీడ్కోలు చెప్పలేదు.

రోజు 3,251

కోశాం. ఇక్కడి బరువు తక్కువ కావడం వల్ల కాడలు తొమ్మిదడుగులు లేచాయి. కంకులు మాత్రం మామూలువే. నాలుగు వందల పన్నెండు కిలోలు. వంద కిలోలు విత్తనానికి తీసి రాయి కిందికి, మా సొరంగంలో ఖాళీగా ఉన్న గదిలోకి మార్చారు. మిగతాది క్యాంటీన్‌కు. నాలుగు రోజులపాటైనా మూడో రొట్టె తిరిగొచ్చింది. మొదటిరోజు అవ్వ రొట్టె తుంచి నమిలి, సబ్బు వాసన లేదంది.

కొత్త విత్తనాధికారిగా నన్ను వేశారు. గింజల దొంగకే గిడ్డంగి తాళాలివ్వడం హైమవతి గారి పాలనలో నాకు నచ్చిన మొదటి నిర్ణయం. నా మొదటి పని రాతపూర్వకంగా బీచుపల్లిని వెనక్కి అడగడం. వచ్చాడు. రెండో పని పరాంకుశం గారిని లెక్కల సహాయకుడిగా అడగడం. హైమవతి గారు “నిజంగానా?” అన్నారు. ఈ ఊళ్లో తన సంతకం ఉన్న అంకెనే అందరి ముందు తప్పని చెప్పిన మనిషి ఆయనొక్కరేనని అన్నాను.

వారానికి రెండుసార్లు వంద గింజలు తీసి నానబెట్టాలని నిబంధన రాశాం. నిబంధన ఆయనే రాశారు, అందమైన చేతిరాతలో.

రోజు 3,290

పరీక్ష అయిన మొలకలు విత్తనంగా దాచడానికి పనికిరావు, రొట్టెకూ పనికిరావు. వాటిని పారేయాలి. పారేసేముందు హీటరు పక్కన ఆరబెట్టి, మొలకలు నలిపి తీసి, సీసాలో వేస్తున్నాను. వందకు మూడు గ్రాములు. సరైన కాపుకు రెండు కిలోలు కావాలి. వారానికి ఆరు గ్రాముల చొప్పున ఎప్పటికవుతుందో లెక్క కట్టాను. ఆరున్నరేళ్లు. అప్పటికి అవ్వకు డెబ్బై ఎనిమిది. ఆ లెక్క అవ్వకు చెప్పలేదు.

ఇవాళ పొద్దున పరాంకుశం గారు గిన్నెల్లోని మొలకలు లెక్కపెడుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

“మణెమ్మగారూ, నూరు గింజల మీద తీసిన శాతం అంత నమ్మదగింది కాదేమోనండి.”

“ఏం చేద్దామంటారు?”

“వెయ్యి తీస్తే ఖచ్చితత్వం పెరుగుతుంది.”

తొమ్మిదేళ్లలో ఒక్క గింజ తడపని మనిషి. సీసా వైపు చూశాను. ఆయనా చూశారు.

“వారానికి రెండు వేలు,” అన్నారు. “ముప్పై మూడు, ముప్పై నాలుగు వారాలు చేస్తే మంచి లెక్క వస్తుంది. ఈలోగా మీ నిషేధం కూడా తీరిపోతుంది. నేను చూశాను, తేదీ రాసుకున్నాను.”

గుమ్మం దగ్గర బీచుపల్లి తాళంచెవులు గలగలలాడిస్తూ, “నాకు రావాల్సిన నాలుగు లీటర్లు ఇంకా ఉన్నయి అక్కా, యాదిల పెట్టుకో,” అన్నాడు.

నిబంధనలో నూరు కొట్టేసి వెయ్యి అని రాసి, కింద సంతకం పెట్టాను. మధ్యాహ్నమంతా ముగ్గురం బల్ల చుట్టూ కూర్చుని మొదటి వెయ్యి లెక్కపెట్టాం. పరాంకుశం గారు ఏడువందల దగ్గర తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.